లాభం, తండ్రి పేరు కోటిలింగం

జొన్నలవరం మునిసిపల్ మార్కెట్టులో ‘ఒకటి’ అనే అంకె చెల్లదు. పప్పులు కొలిచినా, బెల్లం దిమ్మలు దింపినా, మొదటిదానికి ‘లాభం’ అంటారు. ఆ తర్వాత రెండు, మూడు మామూలే. ఒకటి అంటే ఒంటరి, ఒంటరిది నిలవదు, లాభం అని మొదలుపెడితే లాభమే వస్తుందని పెద్దల నమ్మకం. కుంచాలు పోయి కరెంటు కాటాలు వచ్చినా ఆ మాట మాత్రం పోలేదు.

ఈ ఆచారాన్ని తవ్వా కోటిలింగం పాటించినంత నిష్ఠగా ఇంకెవరూ పాటించలేదు. పెళ్లిలో ఏడడుగులు వేసేటప్పుడు కూడా “లాభం, రెండు, మూడు” అని గొణుక్కున్నాడని గిట్టనివాళ్లు అంటారు. ఆయన భార్య సుగుణమ్మ ఆ మాటను ఎన్నడూ ఖండించలేదు.

మార్కెట్టులో వరసగా ఉన్న గదుల్లో మొదటిది కోటిలింగానిది. దాన్ని అందరూ లాభం కొట్టు అంటారు. బెల్లం, పప్పులు, చింతపండు అమ్ముతాడు. రెండో గదిలో షేక్ మస్తాన్ వలి తాళాలు, గొళ్లేలు, బకెట్లు పెట్టుకున్నాడు. అలా పోగా పోగా అట్టచివరి గదిలో సింహాచలమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె గది పక్కనే మార్కెట్టు మూత్రశాల. ఏ వాసన ఎవరిదని ఎవరూ తగువు పెట్టుకోకుండా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టిన పాతకాలపు అధికారి బుద్ధిమంతుడు.

కోటిలింగానికి బతుకంతా కాటా మీదే నడుస్తుంది. ఊరికే ఇవ్వకూడనివి రెండు ఉన్నాయంటాడు: తూచని సరుకు, అడగని సలహా. ఊరికే ఇచ్చినదానికి పుచ్చుకున్నవాడి దగ్గర ధర ఉండదట.

ఇలా ఉండగా కమిషనర్ విశ్వంభరరావు గారు ఏదో కొండ ఊరిలో శిక్షణకు వెళ్లి వచ్చారు. ఒక గదిలో నల్ల సోఫా, ఒక పూలకుండీ, ఒక నవ్వే మనిషి ఉంటే ఊరు బాగుపడిపోతుందని అక్కడ తెలుసుకున్నారు. దానికి పురజన స్వాగత కేంద్రం అని పేరు. వచ్చీరాగానే వర్తకులను సమావేశపరిచారు.

“స్వాగతం అనునది ఆరంభమందే జరగవలసిన ప్రక్రియ. చివరలో చెప్పినచో దానిని వీడ్కోలు అందురు. కావున మార్కెట్టు మొదటి గదిని స్వాగత కేంద్రమునకై సేకరించడమైనది.”

“మరి కోటిలింగం గారు ఎక్కడికి పోవాలండీ?” అని అడిగాడు మస్తాన్ వలి.

“మీ గదిలోకి.”

“నేనో?”

“మీ పక్క గదిలోకి. ప్రతి ఒక్కరూ ఒక గది చొప్పున పురోగమించెదరు. చివరనున్న మూత్రశాలను తొలగించి నూతన గది నిర్మించితిమి. అంతిమ లబ్ధిదారు అందులోకి పురోగమించెదరు.”

“అంతిమ లబ్ధిదారంటే నేనేనా బాబూ?” సింహాచలమ్మ లేచి నిలబడింది. “అది నిన్నటిదాకా దొడ్డి కదా!”

“గదుల పూర్వాశ్రమం అడగరాదమ్మా.”

వర్తకులు కాసేపు గొణిగి, ఒక్క గది తేడాయే కదా అని ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే సామాన్లు సర్దారు. ముందు సింహాచలమ్మ తన గంపలు కొత్త గదిలోకి మార్చింది. ఆమె ఖాళీ చేసిన గదిలోకి పక్కవాడు వచ్చాడు. వాడి గదిలోకి ఆ పక్కవాడు. అలా చివరి నుంచి మొదటికి జరుగుతూ వచ్చి, ఆఖరున కోటిలింగం తన బెల్లం దిమ్మలతో రెండో గదిలో దిగాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు బేరాలు మొదలయ్యాయి. ఖాళీ ఎటు ఉంటే అటునుంచి కదలాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గర “జరగండమ్మా” అంటే కిటికీ పక్కనావిడే ముందు జరుగుతుంది. ఆవిడ ఏ శిక్షణకూ వెళ్లి ఉండదు.

మనుషులు మారారు. ఇక రికార్డు మారాలి.

పాత జాబితా ఎప్పటిదో కాగితం, గొలుసుకట్టు రాత. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ రాత చదవగలిగేది కోటిలింగమే గనక ఆయనను ఆఫీసుకు పిలిపించారు. కాంట్రాక్టు మీద పనిచేసే హిమజ అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమె ముందు రెండు గళ్లున్నాయి. ఒకటి పేరు, రెండోది తండ్రి పేరు.

“చెప్పండి” అంది హిమజ.

కోటిలింగం కళ్లద్దాలు సర్దుకుని, అలవాటు ప్రకారం, “లాభం, తవ్వా కోటిలింగం” అన్నాడు.

హిమజది ఈ ఊరు కాదు. పేరు గడిలో లాభం అనీ, తండ్రి పేరు గడిలో తవ్వా కోటిలింగం అనీ కొట్టింది. ఈ రోజుల్లో పిల్లలకు ఇంతకంటే చిత్రమైన పేర్లు పెడుతున్నారు గనక ఆమెకు అనుమానం రాలేదు. “రెండు, షేక్ మస్తాన్ వలి” దగ్గర నుంచి అంతా సరిగ్గానే పడింది. కోటిలింగం తెర వైపు చూడలేదు. తన పేరు తనకు తెలుసు కదా అనుకున్నాడు.

చదవడం పూర్తయ్యేసరికి కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. హిమజ తెర చూపిస్తూ, “ఇది అర్రే అండి” అంది.

“అర్రే! ఏం పోయిందమ్మా?” కోటిలింగం ఉలిక్కిపడ్డాడు.

“ఏం పోలేదండి. వరసగా పేర్చిన గళ్లను కంప్యూటర్లో అర్రే అంటారు. ఇప్పుడు ఇంకో ఖాళీ అర్రే తెరిచి, దీంట్లో ఉన్నవన్నీ ఒక్కో గడి జరిపి దాంట్లోకి కాపీ చేస్తాను సార్. పాతది పాతదిగా ఉంటుంది, కొత్తది కొత్తదిగా ఉంటుంది.”

కమిషనర్ గారి కనుబొమలు లేచాయి. “ఇంకొకటా? పొదుపు ఉత్తర్వు చదవలేదా? కొత్త వాహనము, కొత్త బల్ల, కొత్తది ఏదియూ తెరవరాదు. ఉన్నదానిలోనే సర్దుబాటు చేయవలెను.”

“ఖాళీ అర్రేకి ఖర్చేమీ కాదు సార్.”

“కాదని ధ్రువీకరణ పత్రం ఇవ్వగలవా?”

హిమజ ఇవ్వలేకపోయింది. “సరే సార్. ఉన్నదాంట్లోనే చివరి గడి నుంచి మొదలుపెడతాను.”

“చివరి నుంచా! ఆహ్వాన పత్రికను ఎవరైనా చివరి నుండి చదువుదురా? ప్రభుత్వ కార్యము ప్రథమము నుండే ప్రారంభమగును. మొదటి గడిలోనిది రెండవ గడిలోకి, రెండవదానిలోనిది మూడవదానిలోకి. సీనియారిటీ ప్రకారము.”

“కాపీ అంటే పైన అచ్చు వేయడం సార్. అక్కడ అంతకుముందున్నది చెరిగిపోతుంది.”

“చెరిగిపోవునది చెరిగిపోవుటయే పరిపాలన.”

“రాసివ్వండి సార్” అంది హిమజ. ఆయన రాసిచ్చారు.

మొదటి గదిలోని బెల్లం ముందే తెచ్చి మస్తాన్ తాళాల మీద దింపితే ఏమవుతుందో కోటిలింగానికి తెలుసు. నోరు తెరిచాడు. తనను ఎవరూ అడగలేదని గుర్తొచ్చి మూసుకున్నాడు. తూచని సరుకు, అడగని సలహా. ఆ పూట ఆదా చేసుకున్న సలహాకు ఎంత మూల్యం పడుతుందో అప్పటికి ఆయన కాటాకు అందలేదు.

హిమజ మీట నొక్కింది. మొదటి గడిలోని పేరు రెండో గడిలో పడింది. అక్కడున్న మస్తాన్ వలి చెరిగిపోయాడు. తర్వాత రెండో గడిలోనిది మూడో గడిలోకి వెళ్లింది. రెండో గడిలో ఇప్పుడున్నది మొదటిదే. మూడోది నాలుగోదానిలోకి. అలా ఒక్క పేరే తుమ్మబంకలా వరస చివరిదాకా పాకింది. చివరికి తెర మీద, “అన్ని గళ్లూ కాపీ అయ్యాయి. లోపాలు: సున్నా” అని వచ్చింది. కమిషనర్ గారు అందరికీ మైసూర్ పాక్ తెప్పించారు. కంప్యూటరీకరణ పూర్తయింది గనక పాత కాగితాన్ని పరిశుభ్రత కార్యక్రమం కింద కాల్చేశారు.

మర్నాడు మార్కెట్టు గోడకు జాబితా అంటించారు. గది రెండు: లాభం, తండ్రి పేరు తవ్వా కోటిలింగం. గది మూడు: లాభం, తండ్రి పేరు తవ్వా కోటిలింగం. అలాగే కిందికంటా.

“కోటిలింగం గారూ, నా కొట్టు మీ అబ్బాయికి ఎప్పుడు రాసిచ్చానండీ?” అన్నాడు మస్తాన్ వలి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

“ఉల్లిపాయ తగలని ఇంట్లో పుట్టి సెట్టిగారి కొడుకు ఎండుచేపలమ్ముతాడంట!” సింహాచలమ్మ మాత్రం నవ్వే నవ్వింది. “రమ్మనండి బాబూ, గంప ఎత్తి నెత్తిన పెడతాను.”

అందరూ కలిసి కమిషనర్ గారి దగ్గరకు వెళ్లారు.

“సవరణ కోరు దరఖాస్తును హక్కుదారు మాత్రమే సమర్పించవలెను” అన్నారు ఆయన. “హక్కుదారు లాభం. మీలో లాభం ఎవరు?”

“లాభం అంటే ఒకటండీ” అన్నాడు కోటిలింగం.

“ఒకరే అని మాకునూ తెలియును. ఆ ఒకరిని హాజరుపరచుడు. ఈ నెలాఖరుకు గదులన్నిటి లీజు ముగియుచున్నది. హక్కుదారు స్వయముగా వచ్చి వేలిముద్ర వేయనిచో అన్ని గదులకు సీలు, ఆ పిమ్మట వేలం.”

“లేని మనిషిని ఎక్కడినుంచి తెస్తామండీ?”

“లేనిచో రికార్డులో ఎట్లుండును?”



కోటిలింగం ఇంటికి వెళ్లేసరికి కబురు ముందే చేరింది. సింహాచలమ్మ రోజూ వాళ్ల ఇంటి మీదుగానే పోతుంది. సుగుణమ్మ కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

“ఎవడండీ వాడు?”

“ఎవడే?”

“లాభం.”

“అలాంటివాడు లేడే. అది అంకె.”

“అంకె కొట్లు రాయించుకుంటుందా? పైగా ఆ పేరు చూస్తేనే తెలుస్తోంది, మీరు పెట్టిందేనని. కన్నకొడుక్కి లాభం అని ఇంకెవరు పెడతారు?” ఆమె కళ్లు తుడుచుకుంది. “వాళ్లమ్మది ఏ ఊరు?”

“మునిసిపల్ ఆఫీసు.”

“ఉద్యోగస్తురాలా?”

ఆ పూట పులుసులో ఉప్పు లేదు. కోటిలింగం అడగకుండా తిన్నాడు. తన లెక్కల్లో ఇది కొత్త పద్దు.

నాలుగు రోజులకు హక్కుదారును వెతకడానికి ఆఫీసు నుంచి బృందం వచ్చింది. మెడలో కార్డులు వేసుకుని కొట్టుకొట్టుకూ ఆగారు.

“లాభం ఉన్నారా?” అని మస్తాన్ వలిని అడిగారు.

“లాభమా? ఏడాదినుంచీ చూళ్లేదండీ.”

“ఇక్కడికి వస్తుంటారా?”

“రావాలనే కదండీ పొద్దున్నే కొట్టు తీసేది!”

సింహాచలమ్మ గంప మీద చెయ్యి వేసి, “మా ఆయన పోయిన కాణ్ణుంచీ లాభం మొహం ఎరగను బాబూ” అంది. చివరికి కోటిలింగం దగ్గరకు వచ్చి, “లాభం ఉందా లేదా, సూటిగా చెప్పండి” అన్నారు. కార్డు వేసుకున్న మనిషి ఈ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తాత నేర్పిన విద్య. ఆలోచించేలోపే నోరు తిరిగింది: “లాభం లేదండీ.”

బృందం రాసుకుపోయింది: “మార్కెట్టు యావత్తూ గాలించినను లాభం కనిపించలేదు. లాభం లేదని కన్నతండ్రి సైతం వాంగ్మూలమిచ్చినారు.” కమిషనర్ గారు పక్కన ‘పరారీ’ అని రాశారు. తర్వాత కోటిలింగాన్ని ఒంటరిగా పిలిపించి గొంతు తగ్గించారు.

“కుమారుడు పరారీ అయినచో తండ్రియే వారసుడు. ఒక్క సంతకం పెట్టుడు, గదులన్నీ మీ పేర బదిలీ చేసెదను. ప్రభుత్వమునకునూ ఒక్కరితోనే వ్యవహారము. సులభము.”

మార్కెట్టు మొత్తం ఒక్క సంతకం దూరంలో ఉంది. కోటిలింగం దాన్ని కాటాకెక్కించాడు. ఒక తట్టలో గదులన్నీ పెట్టాడు. రెండో తట్టలో మస్తాన్ వలిని పెట్టాడు. ముందు తేలిగ్గానే అనిపించింది. తర్వాత తూకం మారింది. మస్తాన్ కొట్టుకు తాళం కోసం వచ్చినవాడే కదా, పక్కనే కదా అని బెల్లం కొనేది? చేపల కోసం వచ్చినావిడే కదా చింతపండు అడిగేది? కొట్లన్నీ తనవే అయితే ఎవడి ధర చూపించి తన ధర తక్కువని నమ్మించాలి? పైగా సంతకం పెడితే కొడుకు ఉన్నాడని ఒప్పుకున్నట్టే. ఇంట్లో పులుసు జన్మంతా చప్పగానే ఉంటుంది.

“ఆలోచించుకుని చెబుతానండీ” అన్నాడు. వ్యాపారంలో ఆ మాటకు కాదని అర్థం. ఆఫీసులో మాత్రం అవునని.

కమిషనర్ గారు అంతటితో ఊరుకోక, మార్కెట్టంతటికీ ఒకే హక్కుదారు ఉండటాన్ని పరిపాలనా సంస్కరణగా వర్ణిస్తూ పైకి నివేదిక పంపారు. పైవాళ్లు మురిసిపోయారు. మిగతా పట్టణాల్లో కూడా ఇలా చేయవచ్చునేమో చూడటానికి అధ్యయన బృందం దిగింది. స్వాగత కేంద్రంలో సోఫా మీద పడుకున్న కుక్కను లేపి వాళ్లను కూర్చోబెట్టారు. రెండు సార్లు టీ ఇచ్చారు. కొబ్బరి బోండాలు ఇచ్చారు. ఆ తర్వాత నివేదిక చదివి వినిపించడం మొదలుపెట్టారు. అది పెద్ద నివేదిక.

సగంలో బృంద నాయకుడు లేచి, “ఇక్కడ మూత్రశాల ఎక్కడ?” అన్నారు.

“పురోగమించినది సార్” అన్నారు కమిషనర్ గారు.

“ఎక్కడికి?”

ఆ పెద్దమనిషి మార్కెట్టు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు ఎంత వేగంగా నడిచారో వర్తకులంతా చూశారు. ప్రభుత్వంలో అంత త్వరగా ఉత్తర్వు రావడం ఆ ఊరు అంతకుముందు ఎరగదు. నడుస్తూనే చెప్పారు, గుమాస్తా పరిగెడుతూ రాసుకున్నాడు: “చివరి గదిని తక్షణం మూత్రశాలగా పునరుద్ధరించవలెను. మూత్రశాలకు సీలు వేయరాదు. వేలం వేయరాదు. అద్దె వసూలు చేయరాదు. అది ప్రజల హక్కు!”

గుమ్మంలో నిలబడి వింటున్న కోటిలింగం చెవిలో ఆ మూడు ‘రాదు’లు మంచి ధరలా మోగాయి.

మర్నాటి నుంచి తిరుగు ప్రయాణం. స్వాగత కేంద్రం ఎత్తేశారు. మొదటి గది ఖాళీ అయింది గనక ఈసారి ముందు కోటిలింగం తన పాత గదికి వెళ్లాడు. ఆయన వెనక మస్తాన్, ఆ వెనక మిగతావాళ్లు, ఆఖరున సింహాచలమ్మ. ఇక రికార్డు కూడా వెనక్కి జరగాలి. హిమజ చివరి గడిలో లాభాన్ని చెరిపి ‘మూత్రశాల’ అని కొట్టి కూర్చుంది. నెలాఖరు ఎల్లుండి. సీలు వేయడానికి లక్క, కొవ్వొత్తులు అప్పటికే బల్ల మీద ఉన్నాయి. లీజు సంగతి కనుక్కోవడానికి వర్తకుల తరఫున కోటిలింగం వచ్చి నిలబడ్డాడు.

“పోయినసారి మొదటి నుండి ప్రారంభించుట వలన స్వల్ప అపశ్రుతి దొర్లినది” అన్నారు కమిషనర్ గారు. “అనుభవము నుండి నేర్చుకొనుటయే పరిపాలన. కోటిలింగం గారూ, నాడు మీరు సామాన్లు ఏ చివర నుండి తరలించితిరి? అది ఏ లోపమూ లేక జరిగినది కదా?”

ఈసారి అడిగారు. సలహాకు గిరాకీ వచ్చింది.

ఖాళీ ఎటు ఉంటే అటునుంచి కదలాలన్నది అసలు సరుకు. ఖాళీ ఇప్పుడు మొదట ఉంది. మొదటి నుంచి కదిలితే లాభాలన్నీ ఒక్కో గడి వెనక్కి జరిగి మళ్లీ లాభాలే ఉంటాయి. ఎల్లుండి అన్నిటికీ సీలు. చివరి నుంచి కదిలితే? కోటిలింగం లక్క వైపు చూశాడు. తెర మీద చివరి గడి వైపు చూశాడు. లోపలే తూచుకున్నాడు.

“చివరి నుంచేనండీ” అన్నాడు. నాటి ముచ్చట అడిగారు, నాటి నిజమే చెప్పాడు. అందులో ఒక గింజ కూడా తక్కువ లేదు.

హిమజ వేళ్లు మీటల మీద ఆగాయి. తల తిప్పి కోటిలింగాన్ని చూసింది. కోటిలింగం పైకప్పు చూశాడు. ఆమె పెదవి చివర ఏదో కదిలింది.

“రాసివ్వండి సార్” అంది.

చివరి గడిలోనిది దాని ముందు గడిలోకి, అందులోనిది ఆ ముందు గడిలోకి, వరసంతా పాకి మొదటి గడి దాకా వచ్చింది. అన్ని గళ్లూ కాపీ అయ్యాయి. లోపాలు: సున్నా. మళ్లీ మైసూర్ పాక్ వచ్చింది.

నెలాఖరున సీలు బృందం లక్క కాచుకుని మార్కెట్టుకు వచ్చి జాబితా విప్పింది. గది నంబరు ఒకటి: మూత్రశాల. రెండు: మూత్రశాల. మూడు: మూత్రశాల. లక్క చల్లారేదాకా చదివి వెళ్లిపోయారు. సీలు లేదు, వేలం లేదు, అద్దె లేదు. కమిషనర్ గారు కంగారుపడతారేమో అనుకున్నారు గానీ ఆయన అంతటి అల్పులు కారు. జనాభాకు మించి మూత్రశాలలు గల ఏకైక పట్టణమని పైకి రాశారు. పారిశుద్ధ్యంలో ఆదర్శ అధికారిగా శాలువా కప్పించుకుని వచ్చారు.

షరతు ఒక్కటే. ప్రతి కొట్టు మీద ‘ప్రజా మూత్రశాల, ఉచితం’ అని బోర్డు ఉండాలి. వర్తకులు ఆ బోర్డులు పెట్టుకున్నారు. అద్దె తప్పినందుకు తలా కొంత వేసుకుని చివరన ఉన్న అసలుదాన్ని రోజూ కడిగించడం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో సరిగ్గా నడుస్తున్న మునిసిపల్ వసతి అదేనని చెప్పుకుంటారు.

“లాభం ఏమయ్యాడు?” అని అడిగింది సుగుణమ్మ ఆ రాత్రి.

“రికార్డులోంచి పోయాడు.”

ఆమె “పాపం” అని, పులుసు వడ్డించింది. ఉప్పు సరిపోయింది.

ఒకనాడు పొరుగూరివాడెవడో బస్సు దిగి, బోర్డు చూసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. బెల్లం దిమ్మల ముందు నిలబడి, “ఇది మూత్రశాలేనా?” అన్నాడు.

“రికార్డు ప్రకారం అవునండీ. పని జరిగేది మాత్రం చివరిదాంట్లో. చేపల వాసన పట్టుకుని పొండి.”

వెళ్లినవాడు తేలికపడ్డ మొహంతో తిరిగొచ్చాడు. తిరిగొచ్చినవాడు ఊరికే పోతాడా, రెండు దిమ్మల బెల్లం కట్టమన్నాడు. కోటిలింగం మొదటి దిమ్మ ఎత్తి కాటా మీద పెట్టాడు. “లా” అన్నాడు. ఆగాడు. ఆఫీసు ఉన్న వైపు ఒకసారి చూశాడు. పక్క కొట్టులో మస్తాన్ వలి తాళాలు తుడవడం ఆపి చెవి ఇటు వేశాడు.

కోటిలింగం గొంతు సవరించుకుని, పుట్టి బుద్ధెరిగిన తర్వాత కాటా ముందు మొదటిసారి, “ఒకటి” అన్నాడు.